బేరింగు మూతలకు జత కూర్చుట



నేను ముప్పదియైదు సంవత్సరములు బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాడను. చదువుకొన్నది కావ్యములు, వ్యాకరణము, కొంత తర్కము. ఇట్టివాడు మోటారు యంత్రమును గూర్చి ప్రసంగింపవచ్చెనేమని మీరు నవ్వవచ్చును. నవ్వినను వినుడు. ఒక యంత్రము విషయమున నేను చేసిన పొరపాటు మా తమ్మునికి ఆరు దినముల బాడుగ పోగొట్టినది. ఇంకొక అడుగు తప్పియుండినచో యంత్రమునే పోగొట్టియుండును. ఆ పొరపాటు దిద్దుకొనుచు నేర్చిన సంగతులను నేడు మీకు విన్నవింతును. జీపు, ట్రాక్టరు, ఆయిలు ఇంజను లేని ఊరు నేడు కానరాదు. అవి పాతబడినపుడు విప్పి బాగుచేయింపక తప్పదు. విప్పువేళ ప్రక్కన కుర్చీ వేసికొని కూర్చుండువారు తరచుగా మనవంటి పెద్దలే. కావున ఈ మాటలు మీ కెప్పుడైనను పనికివచ్చును.

మా తమ్ముడు పాత జీపుతో బాడుగలు తోలి సంసారము నడుపుకొనుచున్నాడు. మిరప కాలమున గుంటూరు యార్డునకు బస్తాలు చేర్చును. తక్కిన కాలమున పెండ్లిండ్లకును, ఆసుపత్రికిని జనమును చేర్చును. బండి యంత్రము శక్తి తప్పి పొగ క్రక్కుచుండగా, మఱదలి గాజులు తాకట్టుపెట్టి, విజయవాడ ఆటోనగరులో వాడిన డీజిలు యంత్ర మొకటి కొనితెచ్చెను. దానిని పూర్తిగా విప్పి, క్రొత్త బేరింగులు వేసి, బండి కెక్కింపవలెనని తలంపు. ఆ పనికి పూనుకొన్నవాడు మా మండల కేంద్రమున షెడ్డు పెట్టుకొన్న కుఱ్ఱవాడు. ఒకప్పుడు నా కడ ఆరవ తరగతి చదివిన శిష్యుడు.

వాడు యంత్రమును తలక్రిందుగా నిలిపి, అడుగున నుండు నూనెతొట్టిని, అనగా సంపును తీసి, ఐదు బేరింగు మూతలను విప్పెను. వానిమీద తయారుచేసినవారి అంకెలేమియు లేవు. సుద్దముక్కతో ఒకటి, రెండు, మూడు అని వ్రాసి, పలకమీద వరుసగా పేర్చి, సామానులు తెచ్చుటకు బజారునకు పోయెను. నన్ను కాపలా యుండుమనెను. నేను ఊరకుండలేక, జిడ్డుతో నల్లబడిన ఆ మూతలను చూచి, కిరసనాయిలు తొట్టిలో వేసి, బ్రష్షుతో తోమి, గుడ్డతో తుడిచి, వార్తాపత్రికమీద చిన్నవి పెద్దవి అని ఏర్పరచి పెట్టితిని. బంగారమువలె మెఱసినవి. నా పనికి నేనే సంతోషించితిని.

శిష్యుడు తిరిగివచ్చి చూచి నిలువుననే ఆగిపోయెను.

"మాస్టారూ, ఇవి ఎవరు కడిగారు?"

"నేనే నాయనా, మురికిగా ఉన్నాయని."

"వరుస పోయింది మాస్టారూ."

"అన్నీ ఒకటే పోలిక గదా, ఏది ఎక్కడ పెడితేనేం?" అంటిని.

వాడు నన్ను నిందింపలేదు. నేను ఆరవ తరగతిలో సంధులు చెప్పినంత ఓర్పుతో, ఏది యెక్కడ పెట్టినను ఏల చెల్లదో నాకు చెప్పెను. ఆ పాఠమునే మీకు తిరిగి చెప్పుచున్నాను.

యంత్రములో పిస్టనులు పైకి క్రిందికి ఆడును. ఆ యాటను గుండ్రని తిరుగుడుగా మార్చునది వంకరల ఇరుసు. దీనినే క్రాంకుషాఫ్టు అందురు. సైకిలు త్రొక్కువాని మోకాలి యాట పెడలుచేత చక్రపు తిరుగుడయినట్లే యిదియును. ఈ ఇరుసు కొన్ని తావులలో యంత్రశరీరమునకు ఆనుకొని తిరుగవలెను. మా యంత్రములో అట్టి తావులు ఐదు. ప్రతి తావునను గుండ్రని రంధ్రము కలదు. అయితే ఆ రంధ్రము ఒక్క ముక్క కాదు. సగము యంత్రశరీరములో తొలిచిన పీఠము. తక్కిన సగము రెండు బోల్టులతో బిగించు విడి ఇనుపముక్క. ఆ విడి సగమే బేరింగు మూత. మన మెకానిక్కులు క్యాపు అందురు. ఈ రెండు సగములలోను పలుచని అర్ధచంద్రాకారపు రేకులు కూర్చుండును. వానికి వెనుక ఉక్కు, ముందు మెత్తని లోహము. వీనినే బేరింగు షెల్లు లందురు.

పూర్వ మీ షెల్లులు లేవు. అమెరికా దేశమున ఐజాక్ బాబిట్ అను నాతడు 1839లో తగరము ముఖ్యముగా గల మెత్తని మిశ్రలోహమును కనిపెట్టెను. మోటారుబండ్లు పుట్టిన తొలి కాలమున ఆ లోహమును కరగించి పీఠములోనే పోసి, చేతితో గీకి, ఇరుసునకు సరిపుచ్చుచుండిరి. 1908 మొదలు 1927 వఱకు తయారైన ఫోర్డు టీ మాడలు కారు అట్టిది. అందు బేరింగు అరిగినచో, మూత క్రింది పలుచని రేకులను తీసియో, మూత అంచును ఆకురాయితో అరుగదీసియో బిగువు తెచ్చుకొనెడివారు. పెద్దలు కొందఱు నేటికిని "మూతను కొంచెము అరుగదీయుము" అని సలహా చెప్పుట ఆ కాలపు జ్ఞాపకమే. షెల్లులు గల యంత్రమున ఆ పని చేయరాదు. ఏలయన, చేతితో గీకి సరిపుచ్చుట పోయి, సరియైన కొలత యంతయు ఇపుడు ఆ రంధ్రపు గుండ్రదనమునందే యున్నది. మూతను అరుగదీసినచో గుండ్రము కోడిగ్రుడ్డగును.

ఈ కొలత యెంత సూక్ష్మమో చెప్పెదను. ఇరుసునకును షెల్లునకును మధ్య సందు ఉండవలెను. రెండంగుళముల ఇరుసునకు ఆ సందు సుమారుగా అంగుళములో వెయ్యవవంతు మొదలు రెండున్నర వెయ్యవవంతుల వఱకు. మన తలవెండ్రుక మందము సుమారు మూడు వెయ్యవవంతులు. అనగా వెండ్రుక పట్టని సందులో ఇరుసు తిరుగవలెను. ఆ సందులో నుండునది నూనె.

నూనె జాఱుటకు మాత్రమే యని నేను తలంచియుంటిని. అంతమాత్రము కాదు, బరువును మోయునది నూనెయే. 1883లో ఇంగ్లండున బోషాం టవర్ అను ఇంజనీరు రైలుబండి ఇరుసుల బేరింగులను పరీక్షించుచు, పైనున్న ఇత్తడి బేరింగుకు నూనె పోయుటకై రంధ్రము చేసెను. ఇరుసు తిరుగునపుడు నూనె లోనికి పోవుటకు మాఱుగా ఆ రంధ్రమునుండి పైకి పొంగివచ్చెను. చెక్క బిరడా కొట్టగా దానిని కూడ నెట్టివైచెను. అపుడు ఒత్తిడి కొలుచు సాధనము పెట్టి చూడగా, తిరుగుచున్న ఇరుసు నూనెను సందులోనికి ఈడ్చుకొనగా, బేరింగు ఆ నూనెపొరమీద తేలియాడుచున్నదని తెలిసెను. 1886లో ఆస్‌బర్న్ రేనాల్డ్స్ ఈ సంగతికి గణితము కూర్చెను. కావున బాగుగా నడచు యంత్రములో ఇనుము ఇనుమును తాకదు. సందు మితిమీఱి ఇరుకైనను, ఒక ప్రక్క మెట్టు ఏర్పడినను, ఆ నూనెపొర తెగును. తెగినచో షెల్లు కాలి ఇరుసును పట్టుకొనును. సందు పెద్దదైనచో నూనె జాఱిపోయి ఒత్తిడి తగ్గి, యంత్రము సుత్తితో కొట్టినట్లు చప్పుడు చేయును.

ఇంతవఱకు తెలిసిన పిమ్మట అసలు సంగతి తేలికగా బోధపడును. కర్మాగారమున ఈ రంధ్రములను ఎట్లు చేయుదురు? మూతలను ముందుగా వాని వాని తావులలో బోల్టులతో బిగింతురు. బిగించిన తరువాత, ఒకే పొడవైన కడ్డీకి కోతపనిముట్లు తగిలించి, ఐదు రంధ్రములను ఒకే వరుసలో తొలుతురు. దీనికే లైను బోరింగు అని పేరు. అనగా మూత, పీఠము వేఱువేఱుగా పుట్టినను, వాని గుండ్రము కలిసి పుట్టినది. మూడవ మూత మూడవ పీఠముతో గుండ్రమగును. నాలుగవ పీఠముమీద పెట్టినచో, కొన్ని వెయ్యవవంతులు ప్రక్కకో, పైకో, క్రిందికో తప్పును. మూతను ముందువెనుకలు త్రిప్పి పెట్టినను అదే తప్పు. వెండ్రుక పట్టని చోట ఆ తప్పు చాలును.

ఇది వినగానే నాకు మా గురువుగారి యింటి తాటాకుల కట్ట జ్ఞాపకము వచ్చెను. త్రాడు తెగి చెదరిన ఆకులను వరుస పెట్టుట చిన్ననాట మా పని. ఆకు సంఖ్య గల అంచు చిరిగిపోయినచో, పురుగు తొలిచిన రంధ్రములను చూచెడివారము. పురుగు కట్ట నిండ ఒకే దారిలో తొలుచుకొని పోవును. ఈ యాకు రంధ్రము ప్రక్క యాకు రంధ్రముతో సరిపోయినచో అవి ఇరుగుపొరుగులు. ఇక్కడ తొలిచినది పురుగు కాదు, కర్మాగారపు కడ్డీ. న్యాయ మొక్కటే.

మా తమ్ముడు సాయంత్రము వచ్చి సంగతి విని కూలబడెను. మిరప బస్తాలకు అడ్వాన్సు తీసికొనియున్నాడు. ప్రక్క షెడ్డువా డొకడు, "ఏదో ఒకటి పెట్టి బిగించెయ్యండి, తిరిగితే చాలు, నడుస్తుంది" అనెను. తమ్ముడు నా మొగము చూచెను. అది నా తప్పని వానికి తెలియును. పెద్దవాడనని మాట అనలేదు. ఆ మౌనమే నాకు మాటకంటె బరువయ్యెను. "అది కూడదు. ఎన్నినాళ్లయినను సరే, దేని చోటు దానికి వెదకవలసినదే" అంటిని. అనుట సులభము, ఎట్లు వెదకుట?

బడిపంతులను గనుక ముందుగా లెక్క వేసితిని. ఐదు మూతలను ఐదు తావులలో 120 విధముల పెట్టవచ్చును. ప్రతి మూతకును ముందువెనుకలు రెండు విధములు కావున, ఐదింటికి 32 విధములు. 120ని 32చే గుణించినచో 3840. అందు సరియైనది ఒక్కటి. గ్రుడ్డిగా బిగించువాడు గెలుచు అవకాశ మెంతయో మీరే యోచింపుడు. శిష్యుడు నవ్వి, "మాస్టారూ, అన్నీ ఒకేసారి పెట్టక్కర్లేదు గదా. ఒక్కో మూతను ఒక్కో చోట చూసుకుంటే ఇరవై ఐదే" అనెను. త్రిప్పి చూచినను ఏబది. వాని లెక్కయే మేలు.

మన తర్కశాస్త్రమున ఒక సంగతిని నిర్ణయించుటకు నాలుగు ప్రమాణములు చెప్పుదురు: శబ్దము, ఉపమానము, అనుమానము, ప్రత్యక్షము. మేము రెండు దినములు చేసిన వెదకులాటను ఆ వరుసలోనే చెప్పెదను.

మొదటిది శబ్దము, అనగా నమ్మదగినవాని మాట. యంత్రము చేసినవాడు వేసిన అంకెలు, బాణపు గుర్తులు, వాని పుస్తకములోని బొమ్మలు ఈ కోవలోనివి. వేసిన అంకెలు కొన్ని జిడ్డు క్రింద దాగియుండును. మూత ప్రక్కలను, యంత్రశరీరపు అంచులను, బోల్టుల చుట్టును దీపము పెట్టి వెదకవలెను. ఎవడో ఇంతకుముందు విప్పినవాడు ఉలితో కొట్టిన చుక్కలు కూడ ఉండవచ్చును. ఇచట నొక హెచ్చరిక. ఒకటవ సంఖ్య ఎటునుండి? చాలా యంత్రములలో ఫ్యాను వైపునుండి లెక్కింతురు. ఫ్రాన్సు దేశపు యంత్రములు కొన్నింట వెనుకనుండి, అనగా ఫ్లైవీలు వైపునుండి లెక్కింతురు. మాకు కనెక్టింగు రాడ్లమీద అంకెలు దొరకినవి. నేను వానిని తాకలేదు గనుక అవి క్షేమము. ఐదు మూతలమీద మాత్ర మేమియు దొరకలేదు.

రెండవది ఉపమానము; పోలిక. అన్నీ ఒకటే పోలిక యని నేనంటిని గాని, బాగుగా చూడగా కావు. ఒకటి వెడల్పుగా నుండి, నూనె కారకుండ ఆపు సీలు కూర్చుండుటకు గాడి కలిగియున్నది. అది వెనుకటి కొన. ఇంకొకదానికి రెండు ప్రక్కల అర్ధచంద్రపు గట్లు చెక్కియున్నవి. ఇరుసు ముందునకు వెనుకకు జరుగకుండ ఆపు పళ్లెములు అందు కూర్చుండును. ఐదు పీఠములలో అట్టి గట్లు ఒక్కదానికే యున్నవి. ఈ విధముగా రెండు మూతలు తమ యిండ్లు చేరెను. మిగిలినవి మూడు మూతలు, మూడు పీఠములు.

ముందువెనుకలు తెలియుటకు కూడ పోలిక యున్నది. షెల్లు జరుగకుండుటకు దాని యంచున చిన్న నాలుక యుండును. ఆ నాలుక కూర్చుండు నొక్కు మూతలోను, పీఠములోను చెక్కియుండును. చాలా యంత్రములలో ఈ రెండు నొక్కులు ఒకే ప్రక్కన ఎదురెదురుగా నుండును. మా యంత్రములోని గురుతు తెలిసిన రెండు మూతలను పెట్టి చూడగా, అట్లే యుండెను. కావున మిగిలిన మూడింటి ముఖము ఎటో తేలినది. ఇక చూడవలసినవి మూడు మూతలకు మూడు చోట్లు, తొమ్మిది జతలు మాత్రమే.

మూడవది అనుమానము, అనగా గుర్తునుబట్టి ఊహించుట, పొగనుబట్టి నిప్పును ఊహించినట్లు. మూతకు ఇరుప్రక్కల యంత్రశరీరమున గట్లుండును. మూత వాని నడుమ బిగువుగా కూర్చుండవలెను. తనది కాని పీఠమున మూత వదులుగా ఆడును, లేదా అసలు దిగదు. దిగనిదానిని సుత్తితో కొట్టరాదు. మా మూడింటిలో ఒకటి ఒకే పీఠమున టక్కున కూర్చుండెను. తక్కిన రెంట ఆడెను. ఇంకొక గుర్తు కోత గీతలు. పీఠమును, మూతను కలిపి చెక్కినపుడు పనిముట్టు విడిచిన సన్నగీతలు, అంచు వాలు, ఒకదానినుండి ఇంకొకదానికి తెగక సాగును. వ్రేలిగోటితో అతుకుమీద గీచినచో మెట్టు తగులరాదు. షెల్లు వెనుక నూనె కాలి ఏర్పడిన మచ్చలు, బోల్టుతల నొక్కిన ముద్రలు కూడ సాక్ష్యము పలుకును. నేను కిరసనాయిలుతో అందు సగము సాక్షులను చంపితిని గాని, కోత గీతలు కడిగిన పోవునవి కావు. కండ్లద్దములు దిద్దుకొని, దీపము అడ్డముగా పట్టి, తాటాకులు చూచినట్లు చూచితిని. ఒక మూతమీది వాలుగీత నాలుగవ పీఠముమీది గీతతో కలిసినట్లు నాకు తోచెను. శిష్యునితో చెప్పితిని. "సాక్ష్యం బాగుంది మాస్టారూ. తీర్పు మాత్రం కొలతది" అనెను.

అదే నాలుగవ ప్రమాణము, ప్రత్యక్షము. షెల్లులు తీసివైచి, మూతయొక్కయు పీఠముయొక్కయు కలియు ముఖములను గుడ్డతో తుడిచి, మూతను పెట్టి, బోల్టులను పుస్తకములో చెప్పిన బిగువునకే టార్కు రెంచితో బిగింపవలెను. బిగువు ప్రతిసారియు ఒక్కటే కానిచో కొలతకు అర్థము లేదు. తరువాత బోరు గేజితో రంధ్రపు అడ్డుకొలతలు తీయవలెను: అతుకునకు నిలువుగా ఒకటి, దానికి ఇటునటు ఏటవాలుగా రెండు. గుండ్రము సరియైనదైనచో మూడు కొలతలును ఇంచుమించు ఒక్కటే. మూత ప్రక్కకు తప్పినచో ఏటవాలు కొలతలు ఒకటి పెరిగి ఒకటి తగ్గును. పైకి క్రిందికి తప్పినచో నిలువుకొలత తేడావచ్చును. గేజి మావద్ద లేదు. పొరుగూరి లేతు షాపువానిని బ్రతిమాలి ఒక పూటకు తెచ్చితిమి. మిగిలిన రెండు మూతలను రెండు పీఠములమీదను మార్చి మార్చి బిగించి కొలిచితిమి. ఒక విధమున పెట్టగా మూడు వెయ్యవవంతుల తేడా కనబడెను. మార్చి పెట్టగా రెండింటను అర వెయ్యవవంతునకు లోపలనే నిలిచెను. నేను చూచిన వాలుగీతయు ఈ రెండవ కూర్పునే చెప్పెను. ఆ రాత్రి నేను కడుపునిండ అన్నము తింటిని.

ఒక్కొక్క రంధ్రము గుండ్రముగా నున్నంత మాత్రమున పని ముగియలేదు. ఐదును ఒకే వరుసలో నుండవలెను. దానికి పరీక్ష యిది. పిస్టనులను, సీలును కూర్పకముందే, క్రొత్త షెల్లులు పెట్టి, నూనె రాచి, ఇరుసును పరుండబెట్టి, మూతలను ఒక్కొక్కటిగా బిగింపవలెను. ఒకదానిని బిగించిన వెంటనే ఇరుసును చేతితో త్రిప్పి చూడవలెను. అంతవఱకు తేలికగా తిరిగినది, ఏ మూత బిగింపగానే బిగుసుకొన్నదో, తప్పు ఆ మూత కడనే యున్నది. సందు ఎంతయో తెలియుటకు ప్లాస్టిగేజి అను సన్నని మైనపు దారము దొరకును. నూనె తుడిచి, ఆ దారపుముక్కను ఇరుసుమీద పెట్టి, మూత బిగించి, ఇరుసును త్రిప్పకుండ మరల విప్పి, నలిగిన దారపు వెడల్పును దానితో ఇచ్చిన కాగితపు కొలతతో పోల్చవలెను. ఎంత నలిగి వెడల్పయిన సందు అంత తక్కువ. మా యంత్రము ఐదు తావులను ఈ పరీక్షలలో నెగ్గెను.

నెగ్గకున్నచో? అపుడు కూడ యంత్రము పాఱవేయనక్కఱలేదు. ఆటోనగరువంటి చోట్ల లైను బోరింగు చేయు యంత్రశాలలు కలవు. మూతల ముఖములను యంత్రముమీద రెండు మూడు వెయ్యవవంతులు చదునుచేసి, మరల బిగించి, ఐదు రంధ్రములను తొలినాటి కొలతకు తిరిగి తొలుతురు. అయితే దీనికి వ్యయము కలదు. పని తప్పినచో ఇరుసు పైకి జరిగి, ముందువైపు గొలుసు వదులగుట, పండ్లచక్రములు బిగుసుకొనుట కలుగును. పోయిన మూతకు బదులు వేఱొక యంత్రపు మూతను తెచ్చినపుడు మాత్రము ఈ పని తప్పనే తప్పదు. అట్టి మూత ఎంత చక్కగా కూర్చున్నట్లు కనబడినను నమ్మరాదు.

కనెక్టింగు రాడ్ల క్రిందికొన మూతలకు కూడ ఇదే న్యాయము. రాడ్డును దాని మూతను కలిపి తొలుతురు కావున అవి కవలలు. ఇటీవలి యంత్రములలో కొన్నింటి రాడ్లను కోయక, కొట్టి విఱిచి రెండు సగములు చేయుదురు. పగిలిన కుండపెంకులు తమ జతతోనే అతుకునట్లు, ఆ విఱిగిన ముఖములు తమ జతతోనే సరిపడును. వానిని పరాయి జతతో ఒక్కసారి బిగించినను ఆ ముఖపు గరుకు నలిగి రెండును చెడును.

ఇక మీరు గుర్తుంచుకొనవలసిన మాటలు కొన్ని చెప్పి ముగించెదను. విప్పకముందే గుర్తు పెట్టింపుడు. సుద్దముక్క గుర్తు గాదు. నాబోటి వాడొకడు కడిగివైచును. అంకెల పంచితో మూత చదునైన ప్రక్కను, దాని ప్రక్కనే యంత్రశరీరపు అంచును, ఒకే అంకె మెల్లగా కొట్టింపుడు. రెండంకెలు ఒకే వైపున నున్నచో ముందువెనుకలు కూడ తెలియును. కలియు ముఖములమీద ఎన్నడును కొట్టింపకుడు. కొట్టి విఱిచిన రాడ్లమీద పంచి వాడక రంగుతో వ్రాయింపుడు. ఫ్యాను వైపు ఎటో కాగితముమీద గీచి ఉంచుడు. మీ మనుమని చేతిలోని ఫోనుతో విప్పకముందొక ఛాయాచిత్రము తీయింపుడు. కడిగిన ప్రతి మూతను దాని బోల్టులతో దాని పీఠముమీదనే వదులుగా బిగించి యుంచుడు. మూతను దాచుటకు దాని పీఠమును మించిన చోటు లేదు. కొనబోవు పాత యంత్రము ఇదివఱకే విప్పియున్నచో, మూతలు గోనెసంచిలో నున్నవా, తమ తావులలో నున్నవా చూచి మఱీ ధర పలుకుడు.

మా తమ్ముని జీపు ఆరవనాడు కదలినది. మొదట బస్తాలు లేకుండ, మెల్లగా, నూనె ఒత్తిడి ముల్లు చూచుకొనుచు నడిపెను. నేను ప్రక్కన కూర్చుంటిని. కాలువగట్టు దాటి ఊరి పొలిమేర చేరువఱకు తమ్ముడు మాటాడలేదు. పిమ్మట, "అన్నయ్యా, ఇక మా షెడ్డుకు వచ్చినప్పుడు చేతులు కట్టుకు కూర్చో" అని నవ్వెను. అటులనే యని మాట యిచ్చితిని. గాజులు ఆ సంక్రాంతికి ఇల్లు చేరెను. సంవత్సరములు గడచినను ఆ యంత్రము నేటికిని నడచుచున్నది.

తెలియని పనిలో శుభ్రము చేయుట కూడ చెఱుపగునని నేను అఱువదియేండ్లు దాటి నేర్చితిని. చేసిన తప్పును వెంటనే ఒప్పుకొనుటచేత యంత్రము దక్కినది. "నేను తాకలేదు" అనియుండినచో, నా శిష్యుడు వరుస చెదరినదని యెఱుగక బిగించియుండును. మీ యింట యంత్రము విప్పునాడు ఈ పంతులును ఒక్కసారి తలచుకొనుడు.